కుడివైపు కోరపన్ను

గంగాధరరావు ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడడని పెళ్ళైన కొత్తలో వరహాలమ్మ పుట్టింట్లో ఫిర్యాదు చేసింది. పుట్టిల్లంటే ఎంతో దూరం కాదు, కంచరపాలెంలోనే, రైలు పట్టాలకి అవతలి వీధి. మేనమామ కూతుర్నే చేసుకున్నాడు కాబట్టి పుట్టుక నుంచీ ఎరిగిన మనిషే. అయినా తాళి కట్టించుకున్నాక గానీ ఈ సంగతి ఆమె కంటబడలేదు.

"బావ నా మొకం సూడడు నాన్నా, నోరే సూత్తాడు. సంతలో ఎద్దుని బేరమాడ్డానికి వచ్చినోడిలాగ" అంది.

వాళ్ళ నాన్న కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వుతున్నంతసేపూ గంగాధరరావు ఆయన పైదవడలో ఊడినవేవో, ఊడబోయేవేవో చూసుకుంటూ కూర్చున్నాడు.

చేసే పని అలాంటిది మరి. ద్వారకా నగర్‌లో ఒక పళ్ళ డాక్టరు గారి క్లినిక్ వెనక, గాలి సరిగా ఆడని లాబు గదిలో అతను కట్టుడు పళ్ళు చేసేవాడు. డాక్టరు గారు పేషెంటు నోట్లో మెత్తటి ముద్ద పెట్టి కొలత తీసి పంపిస్తే, ఆ కొలతలో ప్లాస్టరు పోసి దవడ అచ్చు తీసేవాడు. ఆ అచ్చు మీద గులాబీ రంగు మైనం రేకులు స్పిరిటు దీపం సెగకి మెత్తబరిచి చిగుళ్ళు కట్టేవాడు. వాటిలో పళ్ళు గుచ్చేవాడు. గది గోడలన్నిటికీ బల్లలు కొట్టించి, వాటి నిండా ఊరివాళ్ళ దవడలు పేర్చుకున్నాడు. అమలాపురం వైపు నుంచి పోర్టు పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయిన గంగాధరరావు తండ్రికి ఇది బొత్తిగా నచ్చలేదు. "పోర్టులో కళాసీగా చేరినా గౌరవంగా ఉండేది. ఊరందరి ఎంగిలి నోళ్ళతో వీడి కాపురమేంటో" అని పోయేదాకా సణిగాడు.

పళ్ళు పోయినవాళ్ళది ఒక విచిత్రం. తమ పాత పళ్ళు తమకి కావాలని ఒక్కరూ అడగరు. తెల్లగా, వరసగా, సినిమా హీరోకి ఉన్నట్టు పెట్టమంటారు. గంగాధరరావుకి ఒళ్ళు మండేది. ముసలి మొహంలో పడుచు పళ్ళు పెడితే పాత పెంకుటింటికి కొత్త ఇనప గేటు పెట్టినట్టుంటుంది అనేవాడు. వంకర ఉంటే వంకరే పెట్టాలి, సందు ఉంటే సందే ఉంచాలి, ఉన్నది ఉన్నట్టు చేస్తేనే మనిషి ఆ మనిషిలా ఉంటాడు అని అతని మొండి పట్టుదల. ఈ పట్టుదల వల్ల డాక్టరు గారి చేత చీవాట్లు తిన్నాడే తప్ప బాగుపడిందేమీ లేదు.

వరహాలమ్మ నోరు వేరే రకం. అది చూడవలసిన నోరు కాదు, వినవలసిన నోరు. వీధి కుళాయి దగ్గర ఆమె బిందె దించిందంటే, నీళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళు కూడా ఇళ్ళకి కదిలేవారు కాదు. నల్లపిల్లని నల్లపిల్ల అనేది, పిసినారిని పిసినారి అనేది, ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఆమె చేత ఒక మాట అనిపించుకోకపోతే తమనేదో వెలేసినట్టు బాధపడేవాళ్ళు కూడా ఉండేవారు.

ఇక పిల్లలు లేరనుకున్నాక, చాలా ఏళ్ళకి వాళ్ళకి శ్రీసత్య పుట్టింది. నాన్న పళ్ళు, అమ్మ నోరు అన్నారు చుట్టాలు. పిల్ల ముందు పళ్ళు రెండూ ఒకదాని మీదకి ఒకటి కొంచెం ఎక్కి ఉండేవి. తీగ వేసి సరిచేద్దామని డాక్టరు గారు అంటే గంగాధరరావు ఒప్పుకోలేదు. "అవి అలా ఉంటేనే అది మా పిల్లండీ" అన్నాడు.

పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి పెంకుల మీదకి విసరాలి. పన్ను పైన నిలిచిందా, కొత్త పన్ను తొందరగా వస్తుంది. ఈ మాట మొదట ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు గానీ చెయ్యనివాళ్ళు మాత్రం ఆ వీధిలో లేరు. సత్యకి అదొక పండగ. పన్ను కదలడం మొదలైన దగ్గర నుంచి పక్కింటి సీతాలు ఆవు చుట్టూ తిరిగేది. ఊడగానే పేడలో పొదిగి, పెరట్లో నుంచుని, చెయ్యి గిర్రున తిప్పి విసురుతూ, "పాతది నీకు, కొత్తది నాకు!" అని వీధంతా వినబడేలా అరిచేది. ఆ అరుపు కాకికో, ఎలకకో, ఇంటి కప్పుకో ఆమెకే తెలియాలి.

తొంభై ఎనిమిదిలో, వేసవి సెలవులై బడులు తెరిచిన రోజుల్లో, ఆ పిల్ల పాలకోరల్లో ఆఖరిది, కుడివైపుది ఊడింది. ఎడమవైపు కొత్త కోరపన్ను అప్పటికే దిగి, మిగతా పళ్ళకంటే వెంట్రుకవాసి పొడుగ్గా ఉంది. ముందు రాత్రి వాన పడింది. పేడ పలచగా ఉంది, పెంకులు నాచుపట్టి జారుతున్నాయి, పిల్లకి బడికి టైమైపోతోంది. విసిరిన పన్ను పెంకు మీద నిలవలేదు. టకటకమంటూ జారి, చూరు మీంచి కాలవ పక్కన ఎక్కడో పడింది. తల్లీ కూతురూ వెతికారు. దొరకలేదు.

వరహాలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నుంచుంది. అలా నుంచుందంటే ఏదో మాట వస్తోందని గోడ అవతల సీతాలు కూడా తల ఎత్తి చూసింది.

"అయిపోనాదే గుంటా! ఇల్లు నీ పన్నొద్దనీసింది. ఇంక నీకా పన్ను రాదే! పెళ్ళి పీటల మీద కూడా బొక్క నోరేసుకుని కూకుంటావు."

సీతాలు నవ్వింది. సత్య కూడా నవ్వింది, బడికి పరిగెత్తింది. కానీ మాట పిల్ల మనసులో పడిపోయింది. ఆ ఆదివారం నాన్న వెంట లాబుకి వచ్చి, బల్ల మీద కాళ్ళూపుకుంటూ కూర్చుని, "నిజంగా రాదా నాన్నా?" అని అడిగింది.

గంగాధరరావు పిల్ల చిగురు మీద వేలు పెట్టి నొక్కాడు. గట్టిగా తగిలింది. "లోపలుందే పిచ్చీ. మీ అమ్మకేటి తెలుసు. ఉండు, కొలత తీత్తాను. పన్ను దిగినాక ఇంకోటి తీద్దుం. రెండూ పక్కపక్కన పెట్టి మీ అమ్మకి సూపిద్దుం" అన్నాడు.

ముద్ద నోట్లో పెట్టగానే సత్యకి డోకు, నవ్వు కలిసి వచ్చాయి. చొంగ గవును మీద కారింది. నవ్వకే కదులుతాది అని ఇతను, నవ్వించకు అని కళ్ళతోనే పిల్ల. ఎలాగో కొలత వచ్చింది. ప్లాస్టరు పోస్తే తెల్లటి చిన్న దవడ చేతిలోకి వచ్చింది. ముందు పళ్ళు రెండూ ఒకదాని భుజం మీద ఒకటి. ఎడమన కొత్త కోరపన్ను. కుడిన సందు.

ఆ నెల తిరగలేదు. పిల్లకి జ్వరం అన్నారు. మామూలు జ్వరమే అన్నారు. మెదడుకి ఎక్కింది అన్నారు. ఆస్పత్రిలో డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు, వాళ్ళని అనడానికేమీ లేదు. అందరూ పిల్ల మొహం చూసి ఏడుస్తుంటే గంగాధరరావు నోరు చూశాడు. కొంచెం తెరిచి ఉంది. కుడివైపు చిగురు మీద తెల్లగా ఏమైనా పొడిచిందేమోనని వంగి చూశాడు. ఏమీ లేదు.

వరహాలమ్మ ఇంట్లో ఉన్న పిల్ల ఫోటోలన్నీ, గోడ మీదవీ పెట్టెలోవీ, అస్థికలతో పాటు సముద్రంలో వదిలేసింది. ఎవరు వద్దన్నా వినలేదు. ఆ తరవాత ఆమె నోటి నుంచి హాస్యమన్నది రాలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళేది, బిందె నిండాక వచ్చేసేది. కూర బాగుందా అంటే ఊఁ, వంట అయిందా అంటే ఊఁ. ఇంక నీకా పన్ను రాదే అన్నది తన నోరే. రాలేదు. అంతకంటే ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు, గంగాధరరావు అడగనూ లేదు. అడక్కుండానే తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి, వాటితో కాపురం చెయ్యడం మాత్రం చాలా కష్టం.

తెల్లవారగానే పెరడు ఊడ్చేటప్పుడు ఆమె చూరు కింద, కాలవ పక్కన, చీపురు చాలా నెమ్మదిగా కదిపేది. ఒక్కోసారి వంగి రాయి ముక్క తీసి, వేళ్ళతో తుడిచి చూసి పారేసేది. ఇన్నాళ్ళకి ఆ పన్ను దొరికితే మాత్రం ఏం లాభం అని ఎవడైనా అడిగితే వాడికి పిల్లలు లేరని అర్థం. వీధిలో ఒక్కొక్కరే పెంకులు దించి స్లాబులు వేయించుకున్నారు. వరహాలమ్మ తన ఇంటి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. వాన కారితే గిన్నెలు పెట్టుకునేది.

ఆ అచ్చు సంగతి గంగాధరరావు ఆమెకి చెప్పలేదు. చూస్తే తట్టుకోలేదని భయం. లాబులో తన బల్లకి ఎదురుగా గోడలో ఒక గూడుంది. అందులో పెట్టుకున్నాడు, కుడివైపు గోడకి ఆనేలా, ఆ సందు పదిమంది కంటా పడకుండా. పొద్దున్నే రాగానే, దీపం వెలిగించే ముందు, గోడకీ అచ్చుకీ మధ్య బొటనవేలు దూర్చి ఆ సందులో ఒకసారి పెట్టి తీసేవాడు. ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి.

రెండువేల ఆరులో ఉమామహేష్ అనే ఇంజనీరింగు కుర్రాడు లాబుకి వచ్చాడు. జాలరిపేట వాడు. వాళ్ళ నాన్న ఇంకా చేపల వేటకి వెళుతున్నాడు. చదువు ఆఖరి ఏడు, ఏదో ప్రాజెక్టు చెయ్యాలి. ఒకే వస్తువుని నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీసి ఇస్తే, ఏ చుక్క ఏ ఫోటోలో ఎంత పక్కకి జరిగిందో చూసి, ఏది ముందుకుందో ఏది లోపలికుందో కంప్యూటరు లెక్క కట్టుకుని, ఆ వస్తువుని తెర మీద ఎటు కావాలంటే అటు తిప్పి చూసేలా నిలబెడుతుందట. ఆ పద్ధతిలో పళ్ళు నిలబెట్టాలని అతని ఆలోచన. డాక్టరు గారు సరేనన్నారు. క్లినిక్‌లో తిరిగే స్టూలొకటి ఉంటే దాని మీద దవడల అచ్చులు ఒక్కొక్కటే పెట్టి, స్టూలు కొంచెం కొంచెం తిప్పుతూ ఫోటోలు తీసుకున్నాడు. నిదానస్తుడు. తీసిన అచ్చు తీసిన చోటే పెట్టేవాడు. గంగాధరరావుకి కుర్రాడు నచ్చాడు.

ఒకరోజు గూటి వైపు చెయ్యి చాపాడు.

"అది ముట్టుకోకు" అన్నాడు గంగాధరరావు. కొంచెం గట్టిగానే అన్నాడు.

"పిల్లల పళ్ళు కదండీ మాస్టారూ. నా దగ్గర పిల్లలవి ఒక్కటీ నేదు. ఒక్కసారి స్టూలు మీద తిప్పీసి ఇచ్చీత్తాను."

"ముట్టుకోకు బాబూ. అది మా పిల్లది."

ఉమామహేష్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "పోనీ అక్కడ ఉండగానే తీసుకోనా అండీ? ముట్టుకోను" అన్నాడు. గంగాధరరావు తల ఊపాడు. కుర్రాడు ఎదురుగా నుంచుని ఒకటి, దవడ ఎడమవైపుకి జరిగి మూడు తీసుకున్నాడు. కుడివైపు గోడ. అటు నుంచి కెమెరాకి దారి లేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకే డాక్టరు గారు క్లినిక్ గాజువాకకి మార్చారు, స్టీలు ప్లాంటు జనమంతా అటే ఉన్నారని. గంగాధరరావు అచ్చులన్నీ గోనెసంచుల్లో కట్టి, గడ్డి కుక్కి, వ్యానులో పంపించాడు. గూట్లో దాన్ని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కాడు.

ఎన్.ఏ.డి. జంక్షన్ దగ్గర అడ్డంగా బస్సు వచ్చింది. ఆటోవాడు బ్రేకు మీద నిలబడ్డాడు. అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. తువ్వాలు ఒళ్ళోంచి జారి జనం కాళ్ళ కింద పడింది. ఎదురుగా కూర్చున్న చేపలమ్మే ఆమె, ఖాళీ తట్ట జారిపోకుండా ఆపుకోబోయి దాని మీద కాలు వేసింది.

"అయ్యో బాబూ, ఏటిది? గాజుదేటి?" అని వెంటనే కాలు తీసేసింది.

"కాదమ్మా. ఏం లేదు" అన్నాడు గంగాధరరావు.

తువ్వాలు విప్పి చూస్తే ముక్కలు కూడా సరిగా లేవు. సుద్దపొడి. అందులో ఒక ముందు పన్ను మాత్రం గుర్తు పట్టగలిగాడు. ఆమె అతని మొహం చూసి, "ఏదో ఉన్నాది బాబూ, నాను తొక్కీసినాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమెని ఓదార్చడం అతని పనైంది. గోనెసంచుల్లో వెళ్ళిన దవడలు ఒక్కటి కూడా విరగకుండా గాజువాక చేరాయి.

నాలుగు రోజులు అతనికి అన్నం సహించలేదు. వరహాలమ్మ కంచం ముందు పెట్టి, తీసి, ఏమీ అడగకుండా ఊరుకుంది. ఆ ఇంట్లో అడగడం ఎప్పుడో మానేశారు కదా. ఐదో రోజున అతనికి ఉమామహేష్ ఫోటోలు గుర్తొచ్చాయి.

కుర్రాడు ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు పై గదిలో మరో ఇద్దరితో ఉంటున్నాడు. మెట్లెక్కి వచ్చిన మనిషి రొప్పుతూ, "బాబూ, మా పిల్ల పళ్ళు నీ కంప్యూటర్లో ఉన్నాయా?" అని అడిగితే మొదట అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, వెతికాడు. ఉన్నాయి.

"ఉన్నాయి గానీ మాస్టారూ, నాలుగే ఉన్నాయి. కుడిపక్కంతా గోడకి ఆనుకునుంది, ఫోటోలో పడనేదు. ఎడమపక్కని బట్టి ఏసీమంటే ఏసీత్తాది. పర్లేదేటి?"

"నీకెలా వస్తే అలా చెయ్యి బాబూ. నాకు దాని నోరు కావాలి" అన్నాడు గంగాధరరావు. పని మాటల్లో ఎన్నడూ ఏమరని మనిషి, ఆ రోజు ఆ మాట విన్నాడు గానీ వినలేదు.

వారం పోయాక మళ్ళీ వెళ్ళాడు. నల్లటి తెర మీద బూడిద రంగులో చిన్న దవడ తేలుతోంది. ఉమామహేష్ దాన్ని ఎడమవైపుకి తిప్పాడు. ముందు పళ్ళు రెండూ ఒకదాని భుజం మీద ఒకటి. గంగాధరరావు చెయ్యి చాపి తెర మీద పెట్టాడు. గాజు వెచ్చగా తగిలింది, నున్నగా ఉంది. కుడివైపు తిప్పమని అతను అడగలేదు.

"ఇది చేతికి రాదా బాబూ?"

"మిషన్లున్నాయి మాస్టారూ, పోత పోసినట్టు తీసిచ్చేవి. మన దగ్గర నేవు."

గంగాధరరావు జేబులోంచి మైనం రేకు ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. "దీని మందం సూడు. దవడని కింద నుంచి పైదాకా ఇంతింత మందాన కోసినట్టు, ఒక్కో కోత ఒక్కో కాయితం మీద గీసి ఇయ్యగలవా? కోసి పేర్చుకుంటాను."

ఉమామహేష్ మొహం విప్పారింది. "ఎందుకివ్వనండీ!" అన్నాడు. ఆ సాయంత్రమే కాగితాలు తీసి, కింద నుంచి పైకి వరస తప్పకుండా కట్టి ఇచ్చాడు.

గాజువాక లాబులో ఇంకా కరెంటు రాలేదు. ఎప్పుడూ ఇంట్లో ఆ పని చెయ్యని మనిషి, ఆదివారం పొద్దున్నే పెరటి అరుగు మీద స్పిరిటు దీపం వెలిగించాడు. ఒక్కో కాగితం మైనం రేకు మీద పెట్టి, గీత వెంబడి కోసి, కింది రేకు మీద పెట్టి, వేడి కత్తి అంచుతో అతికిస్తూ పోయాడు. పళ్ళు పైకి ఉండేలా కడుతున్నాడు. అడుగున దవడ వెడల్పుగా గుర్రపు లాడంలా ఉంది. పైకి వచ్చేకొద్దీ ఒక్కో పన్నూ విడిపోయి చిన్న చిన్న ముక్కలయ్యాయి. తల ఎత్తలేదు. ఏ ముక్క ఏ పన్నో చూసుకోవాలంటే భయంగా ఉంది. గీత కొయ్యడమే పనిగా పెట్టుకున్నాడు. వరహాలమ్మ పెరడు ఊడుస్తూ ఊడుస్తూ గుమ్మం దగ్గర ఆగిపోయింది. చీపురు చేతిలోనే ఉంది.

ఆఖరి కాగితం వచ్చింది. దాని మీద రెండే రెండు చుక్కలున్నాయి. అన్నిటికంటే పొడుగు పళ్ళు కోరపళ్ళే కదా. ఎడమన ఒకటి, కుడిన ఒకటి.

ఒకటే ఉండాలి.

గంగాధరరావు చేతిలో కత్తి ఆగిపోయింది. అప్పుడు తిప్పి చూశాడు దవడని. కుడివైపు సందు లేదు. ఎడమదానికి జంటగా, అద్దంలో నీడలాగా, కొత్త కోరపన్ను నిక్కి చూస్తోంది. గోడకి ఆనించి పెట్టింది తనే. ముట్టుకోవద్దన్నది తనే. కెమెరా చూడని వైపు మిషను ఏం చేస్తుంది పాపం, చూసినదాన్ని బట్టి వేసింది.

వరహాలమ్మ చీపురు కింద పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎవరివని అడగలేదు. ముందు పళ్ళు చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోయే ముందు ఒక ఆదివారం అచ్చు తీసినాను" అన్నాడు గంగాధరరావు నేల చూస్తూ. "లాబులో దాసినాను. నువ్వు తట్టుకోలేవని."

"నువ్వు తట్టుకున్నావేటి?" అంది.

చూపుడువేలు ఎడమ కోరపన్ను మీద పెట్టి, ఒక్కో పన్నూ తాకుతూ కుడివైపుకి నడిపించింది. ముందు పళ్ళు దాటింది. ఆ పన్ను దగ్గర వేలు ఆగిపోయింది.

"వచ్చినాదా బావా?"

ఆ గొంతు అతను ఎనిమిదేళ్ళుగా వినలేదు. అవునంటే సరిపోయేది. పోయే ముందు దిగిందే, నువ్వు చూసుకోలేదంతే అంటే, ఆమె నమ్మినా నమ్మేది. ఎనిమిదేళ్ళ బరువు దిగిపోయేది. అతని నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. కానీ ఆ చివరి రోజు వంగి చూసినవాడు అతను.

"రానేదే వరాలూ" అన్నాడు. "నాను సూసినాను. రానేదు. ఇది మిషను ఎడమది సూసి ఏసీసింది. తప్పు. తీసీత్తాను."

వరహాలమ్మ వేలు తియ్యలేదు. ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు. "నాను ఆ మాట అనకుండా ఉండాల్సింది" అంది.

"మాటకేటి పిల్లలు పోతారా? జ్వరమొచ్చి పోనాది."

"నాకు తెల్దేటి బావా జ్వరమని. తెలుసు. తెలిసినా ఆ మాటే ఇనపడతాది." చూరుకేసి చూసి, "అది కూడా నవ్వినాది గదా ఆ పొద్దు. నవ్వింది గానీ నమ్మీసింది" అంది.

లాబులో బల్ల మీద కాళ్ళూపుతూ కూర్చుని, నిజంగా రాదా నాన్నా అని పిల్ల అడిగిన సంగతి ఆమెకి గంగాధరరావు ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

అతను కత్తి దీపం మీద పెట్టాడు. ఆమె చెయ్యి చాపింది.

"ఇలాగియ్యి. నాను తీత్తాను."

"ఉంచుదుమంటే ఉంచుదుం. ఎవులికి తెలుసు."

"ఒద్దు బావా. ఆ పన్నుంటే ఇది మన గుంట కాదు. మన గుంటకి అక్కడ సందుండాల. ఆ సందులోంచే గదా నాలిక బయటెట్టి ఎక్కిరించీది నన్ను."

వేడి కత్తి మైనంలోకి మెత్తగా దిగింది. ఎలా కొయ్యాలో అతను చెప్పలేదు. ఆమె చుట్టూ కోసి, ఊపి, పాలపన్ను పీకినట్టే పీకింది. అరచేతిలో గులాబీ రంగు మైనపు పన్ను. వెనక సందు మిగిలింది. గంగాధరరావుకి చెయ్యి ఊరుకోలేదు, బొటనవేలు పెట్టి చూసుకున్నాడు. సరిపోయింది.

తల ఎత్తేసరికి వరహాలమ్మ అక్కడ లేదు. గోడ అవతలికి వంగి, సీతాలు వాళ్ళ ఆవు కింద నుంచి పేడ తీసుకుంటోంది. గట్టి పేడ ఎంచి మరీ తీసుకుంది. పన్ను అందులో పొదిగి, ముద్ద చేసి, పెరటి మధ్యకి వచ్చి నుంచుంది. యాభైకి దగ్గర పడుతున్న మనిషి, చెంగు నడుంలో దోపుకుని, చెయ్యి గిర్రున తిప్పింది.

ముద్ద పెంకు మీద పడి చప్పుడు చేసింది. వెంటనే ఆమె పరిగెత్తుకెళ్ళి చూరు కింద కొంగు పట్టుకుని నుంచుంది, జారితే కింద పడనివ్వనట్టు. గంగాధరరావు కూడా అరుగు దిగి వచ్చి పక్కన నుంచున్నాడు. ఇద్దరూ పైకి చూశారు. ఎండ కాస్తోంది. పెంకులు పొడిగా ఉన్నాయి. ముద్ద ఎక్కడ పడిందో అక్కడే అతుక్కుని ఉంది.

చాలాసేపయ్యాక కొంగు దించింది.

"పాతది నీకు" అంది, కప్పుకేసి చూస్తూ.

రెండో ముక్క ఆమె అనలేదు. గంగాధరరావు కూడా అనలేదు.